నిలువు తెర ప్రేమకథలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫోన్‌లో చూడటానికే తీసే నిమిషం, రెండు నిమిషాల ఎపిసోడ్ల ప్రేమ సీరియళ్ల మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. చూసేవాళ్లూ రాశారు, తీయాలనుకునేవాళ్లూ రాశారు. ఎక్కువమంది అడిగినవి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: కథ ఎటు పోతుందో మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోతుంది. ఏమీ లేనివాడనుకున్న భర్త కోటీశ్వరుడని తేలుతుంది, ఈసడించిన బంధువులు తల దించుకుంటారు. అన్నీ తెలిసీ అర్ధరాత్రి దాకా చూస్తున్నాను. ఎందుకిలా?

తెలుసు కాబట్టే చూస్తున్నారు. ఈ కథలు "ఏం జరుగుతుంది" అన్న కుతూహలం మీద నడవవు, "వాళ్లకెప్పుడు తెలుస్తుంది" అన్న ఆత్రం మీద నడుస్తాయి. అతనెవరో మీకు తెలుసు, అతని భార్యను నలుగురిలో చిన్నబుచ్చుతున్నవాళ్లకు తెలియదు. వాళ్లనే ప్రతి మాటా మీ దగ్గర బాకీగా రాసి ఉంటుంది. ఆ బాకీ తీరేటప్పుడు వాళ్ల మొహాలు ఎలా మారతాయో చూడకుండా నిద్ర పట్టదు.

ప్రేమకథలంటున్నాం గానీ వీటిలో ముద్దుమాటల కన్నా గుర్తింపుకే పెద్దపీట. ఎవరికీ కనిపించని మనిషి విలువ ఒకరికి కనిపించింది, అది మొదటి మెట్టు. ఆ మాట అతను అందరి ముందూ చెప్పాడు, అది రెండోది. జనం ఎదురుచూసేది ఆ రెండో మెట్టు కోసమే. రోజంతా చాకిరీ చేసి ఒక్క మంచిమాటకు నోచుకోనివాళ్లను ఆ నిమిషం గట్టిగా తాకుతుంది. దీన్ని తేలిక చేసి మాట్లాడేవాళ్లతో మేం ఏకీభవించం.

ఇక కథను కట్టే తీరు సంగతి. సాధారణంగా 60 నుంచి 100 ఎపిసోడ్లు, ఒక్కోటి ఒకటి రెండు నిమిషాలు. అంతా కలిపితే ఒక సినిమా నిడివి. ప్రతి ఎపిసోడూ వెనకటిది ఆగిన చోటే, పరిచయాలేవీ లేకుండా మొదలవుతుంది. మధ్యలో ఒక్క మలుపు. చివర జవాబు వినపడడానికి అర సెకను ముందు కోత. చెయ్యి లేచింది, దెబ్బ పడలేదు. తలుపు తెరుచుకుంది, వచ్చిందెవరో చూపించలేదు. వారపత్రికలో "సశేషం" చదివాక వారం ఆగేవాళ్లం, ఇక్కడ మూడు సెకన్లలో తర్వాతిది దానంతటదే వచ్చేస్తుంది. ఆపాలా వద్దా అని ఆలోచించే వ్యవధే ఉండదు.

దూరం కూడా ముఖ్యం. అడ్డంగా తీసిన సినిమాను ఫోన్ నిలువుగా పట్టుకుని చూస్తే మనిషి మొహం వేలిగోరంత. నిలువు తెరలో అదే మొహం తెరంతా పరుచుకుంటుంది, అదీ మీ కళ్లకు అడుగు దూరంలో. కంట్లో నీళ్లు తిరగడం, పెదవి వణకడం ఎదుటి మనిషిలోలా కనిపిస్తాయి.

ఆపాలంటే ఒక చిన్న పని చేయండి. ఎపిసోడ్ చివర ఆపకండి, ఉత్కంఠను పేర్చి పెట్టేది అక్కడే. వెనకటి ప్రశ్నకు జవాబు దొరికి, కొత్త చిక్కు ఇంకా మొదలవని సమయం ఒకటుంటుంది, చాలావరకు ఎపిసోడ్ మొదటి సగంలోనే. అక్కడ ఫోన్ పక్కన పెట్టడం తేలిక. ఆటో ప్లే ఆపే వీలు మీ యాప్‌లో ఉంటే అదీ ఆపేయండి.

ప్రశ్న: ఎపిసోడ్ చిన్నదైతే చాలా, జనం చూసేస్తారా?

చాలదు. దానికి క్విబీ అనే వీడియో యాపే సాక్ష్యం. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో మొదలైంది. సుమారు 175 కోట్ల డాలర్ల పెట్టుబడి, పేరున్న తారలు, 10 నిమిషాల లోపు ఎపిసోడ్లు. అదే ఏడాది డిసెంబరు 1న మూతపడింది. ప్రయాణాల్లో, ఖాళీ సమయాల్లో చూస్తారని తీశారు, జనమేమో లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఉండిపోయారు. నచ్చిన సీనును స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకు పంపే వీలు కూడా మొదట్లో లేదు. ఇవి అందరూ చెప్పే కారణాలే. మా దృష్టిలో ఇంకోటుంది: అక్కడ చాలా కథలు పెద్ద సినిమాను ముక్కలు కోసినట్టుండేవి. కోత నిడివిని బట్టి పడింది, ప్రశ్నను బట్టి కాదు.

2022లో వచ్చిన రీల్‌షార్ట్ అనే నిలువు సీరియళ్ల యాప్ దారి వేరు. దాన్ని నడిపే క్రేజీ మేపుల్ స్టూడియో ఉన్నది కాలిఫోర్నియాలోనే. అయితే తారల మీద ఖర్చు పెట్టలేదు, వారం పది రోజుల్లో షూటింగ్ ముగించే పద్ధతిని చైనా నుంచి తెచ్చుకుంది. సోషల్ మీడియాలో ఒక అవమానం సీను వదిలి, తర్వాతిది చూడాలంటే యాప్‌లోకి రమ్మంటుంది. చైనాలో ఈ వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2024లో దాని విలువ 5,000 కోట్ల యువాన్లు దాటింది. ఆ ఏడాది అక్కడి సినిమా హాళ్ల వసూళ్లు సుమారు 4,250 కోట్ల యువాన్లే.

ప్రశ్న: ఒక సీరియల్ పూర్తిగా చూస్తే డేటా ఎంత ఖర్చవుతుంది?

సెకనుకు 1.5 మెగాబిట్ల వేగంతో వచ్చే వీడియోకు నిమిషానికి సుమారు 11 ఎంబీ. ఒకటిన్నర నిమిషం చొప్పున 80 ఎపిసోడ్లంటే 120 నిమిషాలు, అంటే 1.3 జీబీ పైచిలుకు. మీరు ఒకటి చూస్తుండగానే యాప్ తర్వాతిది దించుకుంటుంది. కాబట్టి సగంలో వదిలేసి వేరేవి తిరగేస్తూ పోతే చూడనివాటికీ డేటా పోతుంది. క్వాలిటీ 480కి తగ్గించుకోండి, మొహాలే ఎక్కువగా కనిపించే ఈ సీరియళ్లలో తేడా అంతగా తెలియదు.

ప్రశ్న: కొన్ని ఎపిసోడ్లు ఉచితంగా చూపించి తర్వాత కాయిన్లు అడిగారు. కొన్నాను. యాప్ తీసేశాక కూడా డబ్బు కట్ అవుతోంది.

ఇంకా కట్ అవుతోందంటే కాయిన్లతో పాటు సబ్‌స్క్రిప్షన్ కూడా తీసుకుని ఉంటారు, యాప్ తీసేస్తే అది ఆగదు. ముందు దాన్ని రద్దు చేయండి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన మీ ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, అందులో సబ్‌స్క్రిప్షన్స్, అక్కడ ఆ యాప్ పేరు, చివర క్యాన్సిల్. ఐఫోన్‌లో సెట్టింగ్స్, మీ పేరు, సబ్‌స్క్రిప్షన్స్, క్యాన్సిల్. ఐఫోన్‌వాళ్లు గడువుకు కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి. సాధారణంగా రద్దు చేసినా, కట్టిన గడువు అయ్యేదాకా చూడొచ్చు. ప్లే స్టోర్‌లో పొరపాటున కొన్నదైతే 48 గంటల లోపు అక్కడే రీఫండ్ అడగండి, ఆ తర్వాత యాప్ వాళ్లను అడగాల్సి వస్తుంది. ఇవేవీ కాకుండా యాప్‌లోనే నేరుగా కార్డు ఇచ్చి ఉంటే, రద్దు కూడా ఆ యాప్ ఖాతాలోకి వెళ్లే చేయాలి.

ఇక కాయిన్ల లెక్క, అంటే ఎపిసోడ్లు తెరవడానికి యాప్‌లో డబ్బిచ్చి కొనేవాటి సంగతి. ఉచితంగా ఇచ్చేవి చాలా చోట్ల 5 నుంచి 10 ఎపిసోడ్లు. తాళం పడేది కథలో మొదటి పెద్ద ప్రశ్న దగ్గరే. అక్కడ ఆత్రంలో చిన్న ప్యాక్ కొంటే అది నాలుగైదు ఎపిసోడ్లకే అయిపోతుంది. కొనేముందు ఎన్ని ఎపిసోడ్లు మిగిలాయో చూసి గుణించండి. ఎపిసోడ్‌కు 60 కాయిన్లు, మిగిలినవి 70 అనుకుంటే 4,200 కాయిన్లు కావాలి. ఆ మొత్తానికి ఎంతవుతుందో చూసి, వారం పాస్‌తో (వారానికి ఇంతని కట్టే సబ్‌స్క్రిప్షన్‌తో) పోల్చండి. చాలాసార్లు పాస్ చవక, కానీ అది వారం వారం తనంతట తాను కట్టించుకుంటుంది. కొన్నరోజే రద్దు చేసి, ఉన్న వారంలో చూసేయడం మంచి పద్ధతి. "ఆటో అన్‌లాక్" అనే మీట ఉందేమో వెతకండి. అది ఆన్‌లో ఉంటే అడక్కుండానే కాయిన్లు ఖర్చవుతాయి. బోనస్‌గా ఇచ్చే కాయిన్లకు గడువు తక్కువ ఉండొచ్చు, అదీ చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. ఈ సీరియళ్లలో హీరో నాయికను చెయ్యి పట్టి లాగుతాడు, ఫోన్ లాక్కుంటాడు, ఎవరితో మాట్లాడాలో శాసిస్తాడు. "అంత ప్రేమ ఉంది కాబట్టే" అంటోంది మా అమ్మాయి. ఫోన్ తీసేసుకోమంటారా?

మీ ఆందోళన న్యాయమైనది, తేలిగ్గా తీసుకోకండి. ఫోన్ తీసేసుకుంటే మాత్రం ఆ మాటలు మీతో చెప్పడం మానేస్తుంది, అంతే.

ఇది ఇన్ని కథల్లో ఎందుకుంటుందో ముందు తెలుసుకోండి. నిమిషంన్నరలో ప్రేమ చూపించాలి. ఓపిక, మాట వినడం, కష్టంలో తోడుండడం చూపించాలంటే సీన్లు కావాలి. అసూయ అయితే ఒక్క షాట్ చాలు. మణికట్టు పట్టి లాగితే చాలు, చూసేవాళ్లకు "ఇతనికి ఆమె కావాలి" అని అర్థమైపోతుంది. రాసేవాళ్లకు అది దగ్గరి దారి. దాన్ని మేం సమర్థించం. మంచి రచయితలు అంతే నిడివిలో వేరే దారి వెతుకుతారు. ఆమె "వద్దు" అనగానే అతని చెయ్యి ఆగిపోవడం కూడా ఒక్క షాటే, దానికి ఉండే బలం లాగడానికి లేదు.

మీ అమ్మాయి పక్కన కూర్చుని వరసగా నాలుగైదు ఎపిసోడ్లు చూడండి. తప్పు పట్టకుండా మూడు విషయాలు అడగండి. నాయిక వద్దన్నప్పుడు అతను ఆగాడా? అతని వల్ల ఆమెకు స్నేహితులు, డబ్బు, చదువు, బయటికి వెళ్లడం తగ్గాయా? క్షమాపణ చెప్పాక అతని పద్ధతి మారిందా, మళ్లీ అదే చేశాడా? ఆ వయసు పిల్లలు ఇలాంటివి చాలా సూటిగా పట్టుకుంటారు. జవాబు మీ అమ్మాయి నోట రావాలి గానీ మీ నోట కాదు. ఈలోగా ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, యాప్ వయసు రేటింగ్ ఒకసారి చూడండి.

ప్రశ్న: 60 ఎపిసోడ్ల ప్రేమ సీరియల్ రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

సీన్ల జాబితాతో కాదు, రహస్యాల పట్టికతో మొదలుపెట్టండి. అడ్డం వరసలో ఎపిసోడ్ల అంకెలు, నిలువు వరసలో పాత్రల పేర్లు. ఏ రహస్యం ఎవరికి ఏ ఎపిసోడ్‌లో తెలుస్తుందో గళ్లలో నింపండి. 60 ఎపిసోడ్లకు కనీసం మూడు పెద్ద రహస్యాలు కావాలి. ఒకటి బయటపడేలోపు రెండోదాన్ని ప్రేక్షకుడికి చూపించి ఉండాలి. ఈ పట్టిక లేకుండా రాసినవాళ్లకు జరిగేది ఒకటే: 20వ ఎపిసోడ్‌లో నిజం తెలిసిన పాత్ర 27లో తెలియనట్టు మాట్లాడుతుంది. చూసేవాళ్లు రెంటినీ పది నిమిషాల తేడాలో చూస్తారు కాబట్టి వెంటనే పట్టేస్తారు.

మొదటి ఎపిసోడ్ మొదటి 10 సెకన్లలో నాయికకు జరిగిన అన్యాయం కనిపించాలి. తెల్లారడం, అలారం మోగడం, ఊరి దృశ్యం వద్దు. నాయకుడు అదే ఎపిసోడ్‌లో రావాలి. అతని అసలు సంగతి రెండో ఎపిసోడ్‌కల్లా ప్రేక్షకుడికి తెలియాలి. అయిదు ఆరు ఎపిసోడ్లకల్లా ఒక చిన్న బాకీ తీర్చండి, అవమానించినవాళ్లలో ఒకరైనా నోరు మూసుకోవాలి. అది లేకుండా పది ఎపిసోడ్లు ఏడిపిస్తే జనం జాలిపడరు, వెళ్లిపోతారు.

కథ కుంగేది 25 నుంచి 40 మధ్య. ఒక్క మాట చెబితే తీరిపోయే అపార్థాన్ని పదిహేను ఎపిసోడ్లు సాగదీయడమే కారణం. మందు ఏమిటంటే, 30 దగ్గర పెద్ద రహస్యాన్ని ధైర్యంగా బయటపెట్టేయండి. తర్వాతి చిక్కు ఆ నిజం నుంచే పుట్టాలి. అతను ధనవంతుడని ఆమెకు తెలిసింది. సంతోషించాలా? ఇన్నాళ్లు అబద్ధం చెప్పిన మనిషిని ఎలా నమ్మాలి? ఇక్కడి నుంచి నిజమైన ప్రేమకథ మొదలవుతుంది, చాలామంది ఇక్కడి దాకా రాకుండానే ఆగిపోతారు.

ఒక్కో ఎపిసోడ్‌కు ఒకే చోటు, ఇద్దరు ముగ్గురు మనుషులు. 90 సెకన్లకు 12 నుంచి 15 డైలాగులు, ఒక్కోటి ఏడెనిమిది మాటలు దాటకుండా. చివరి షాట్ ముందు రాసుకోండి, తర్వాత అక్కడికి ఎలా చేరాలో రాయండి. గడియారం పెట్టుకుని పైకి చదవండి. చదివితే 70 సెకన్లు వచ్చిందంటే తీసేటప్పటికి చూపులు, మౌనాలు కలిసి 90 అవుతుంది. చదివితేనే 90 వస్తే కోయాల్సిందే.

దొంగ మలుపులతో జాగ్రత్త. తలుపు భయంకరంగా తెరుచుకుని, తర్వాతి ఎపిసోడ్‌లో పనిమనిషి నీళ్ల గ్లాసుతో రావడం లాంటివి మొత్తం సీరియల్‌లో ఒకటి రెండు మించితే ప్రేక్షకుడికి మీ కోత మీద నమ్మకం పోతుంది. పాత్రల పేర్లు చిన్నవిగా, వేర్వేరు అక్షరాలతో మొదలయ్యేలా పెట్టండి. నాయికా నాయకులు "మీరు" నుంచి "నువ్వు"కు ఏ ఎపిసోడ్‌లో మారతారో ముందే నిర్ణయించుకోండి. కోపంలో ఒకరు మళ్లీ "మీరు" అంటే, అది పేజీ డైలాగుల పని చేస్తుంది.

ప్రశ్న: ఫోన్‌తోనే తీయబోతున్నాం. అడ్డంగా తీసి తర్వాత నిలువుగా కోసుకుంటే సరిపోదా?

లెక్క చూడండి. 1920×1080లో అడ్డంగా తీసినదాన్ని నిలువు తెర కొలత 9:16కు (వెడల్పు 9 పాళ్లు, ఎత్తు 16) కోస్తే వెడల్పు 607 పిక్సెళ్లే మిగులుతుంది. దాన్ని 1080కి సాగదీస్తే మొహాలు మసకబారతాయి. 4కేలో (3840×2160) తీస్తే 1215 మిగులుతుంది, స్పష్టత ఫరవాలేదు. అప్పుడూ అడ్డం ఫ్రేములో ఎడంగా నిలబెట్టిన ఇద్దరిలో ఒకరే తెర మీద ఉంటారు. మొదటి నుంచీ నిలువుగానే, 1080×1920లో తీయండి.

అసలు కష్టం ఇద్దరినీ ఒకే ఫ్రేములో ఇమడ్చడం. పక్కపక్కన నిలబెడితే సగం సగం మనుషులు, మధ్యలో గోడ. ఒకరిని ముందు, మరొకరిని భుజం వెనక కాస్త లోపలికి నిలబెట్టండి, ఇద్దరి మొహాలూ కెమెరా వైపే. మాట దాచుకుంటున్న మనిషి ముందుంటే ఆమె కళ్లు మనకు కనిపిస్తాయి, అతనికి కనిపించవు. ప్రేమ సీన్లకు ఇంతకన్నా మంచి అమరిక లేదు. ఎదురెదురుగా ఉండాల్సి వస్తే మామూలు కన్నా దగ్గరగా, జానెడున్నర దూరంలో నిలబెట్టండి, చూసేవాళ్లకు అది సహజంగానే కనిపిస్తుంది. మెట్లు బాగా పనికొస్తాయి, ఒకరు పైమెట్టు, ఒకరు కిందిమెట్టు. తలుపులు, సన్నటి వరండాలు ఈ ఫ్రేముకు పుట్టినట్టుంటాయి.

కళ్లు పై నుంచి మూడోవంతు దగ్గర ఉండాలి. కింద అయిదోవంతు, కుడి అంచు ఖాళీగా వదలండి, అక్కడ సబ్‌టైటిళ్లు, యాప్ బటన్లు వస్తాయి. చేతిలో ఉంగరమో ఉత్తరమో కింది అంచున చూపిస్తే బటన్ల కింద దాక్కుంటుంది. ఈ పొరపాటు చాలా సీరియళ్లలో కనిపిస్తుంది. క్లోజప్‌కు వెడల్పు లెన్సుతో మొహం దగ్గరికి వెళ్లకండి, ముక్కు పెద్దదవుతుంది. 2ఎక్స్ లెన్సు ఉంటే అది పెట్టి మీటరున్నర దూరం నుంచి తీయండి. కెమెరాను పక్కకు వేగంగా తిప్పితే ఈ సన్నటి ఫ్రేములో అంతా చెదిరిపోతుంది. కిందినుంచి పైకి లేపడం బాగుంటుంది, కొత్త పాత్ర ప్రవేశాలకు అదే వాడండి.

తెరను నొక్కి పట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి. లేకపోతే నటి కదిలినప్పుడల్లా మొహం తెల్లబడి నల్లబడుతుంది. కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద తెర మీద చారలు పాకుతాయి. కరెంటు 50 హెర్ట్‌జ్ అయితే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెట్టండి, 60 అయితే 1/60 లేదా 1/120. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద. ఫ్యాను, ఫ్రిజ్ ఆపి, ప్రతి గదిలో 30 సెకన్ల నిశ్శబ్దం విడిగా రికార్డు చేసుకోండి. డైలాగుల మధ్య అతుకులు దానితోనే మూస్తారు.

80 ఎపిసోడ్లు 8 రోజుల్లో తీయాలంటే రోజుకు 10, ఒక్కోటి నిమిషంన్నర అయితే తెర మీద 15 నిమిషాలు. అందుకే కథ వరసలో కాకుండా చోటును బట్టి తీస్తారు: ఆఫీసు గదిలో జరిగేవన్నీ ఒకే రోజు. అప్పుడు 3లో తగిలిన గాయం 4లో మాయమై 41లో తేలుతుంది. ప్రతి సీను ముగియగానే నటుల జుట్టు, బట్టలు, గాయాలు, చేతిలో వస్తువులు ఫొటో తీసి ఎపిసోడ్ అంకెతో దాచండి. ఆ పని ఒక్క మనిషికే అప్పగించండి, ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకండి.

ప్రశ్న: తెలుగులోకి డబ్ చేసినవి వింటుంటే సీను బాగున్నా మనసుకు పట్టదు. లోపం ఎక్కడ?

ఎక్కువగా వాక్యం కూర్పులో. చైనీస్‌లోనో ఇంగ్లీషులోనో అసలు మాట మధ్యలోనే పడి, దాని మీద ఎదుటివాళ్ల మొహం చూపిస్తారు. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి ఆ మొహం మారేటప్పటికి మనం ఇంకా వాక్యం పూర్తి కోసం ఎదురుచూస్తుంటాం. "ఈ కంపెనీని నీ భర్తే కొన్నాడు" అని ఒక్క ఊపులో రాయకుండా "కొన్నది ఎవరో తెలుసా?" అని ఆపి, మొహం తెర మీదికి వచ్చాక "నీ భర్త" అనిపిస్తే సీను నిలబడుతుంది. కాగితం మీద అనువదించి పంపేస్తే ఇది దొరకదు, బొమ్మ చూస్తూ రాయాలి.

రెండోది వరసలు. చైనీస్‌లో అమ్మాయి తను ఇష్టపడేవాణ్ణి కూడా అన్న అనే మాటతో పిలవడం ఉంది. యంత్రంతో చేసిన డబ్బింగ్‌లో అది "అన్నయ్యా" అని వస్తుంది, తెలుగువాళ్లకు అక్కడితో ప్రేమకథ ముగిసినట్టే. పేరు పెట్టి పిలిపించాలి, లేదా బంధుత్వం కుదిరితే "బావ". అలాగే అత్తగారితో, యజమానితో, దగ్గరైన మనిషితో ఒకే "నువ్వు" నడిపేస్తే పాత్రల మధ్య ఎత్తుపల్లాలు చెరిగిపోతాయి.

క్లోజప్‌లో పెదవులు మూసుకునే చోట ప, బ, మ లలో ఒకటి పడేలా మాట వెతకాలి. మిగతా అక్షరాలు కాస్త అటూ ఇటూ అయినా కన్ను క్షమిస్తుంది, మూసుకున్న పెదవుల మీద "ఆ" వినిపిస్తే క్షమించదు. తెలుగు మాటలు పొడుగు కాబట్టి నటులు పరుగెత్తి చెప్పాల్సి వస్తే, మాట వేగం పెంచకుండా అర్థంలో సగం వదిలేయండి. మొహం ఎలాగూ చెబుతోంది. డబ్బింగ్‌కు బదులు సబ్‌టైటిళ్లు వేసేవాళ్లు రెండు వరసలు దాటకుండా, వరసకు మూడు నాలుగు మాటలతో, పాత్ర గడ్డానికీ యాప్ బటన్లకూ మధ్య ఉన్న జాగాలో పెట్టాలి.